ఫైనల్ అయిపోనీ

మా నాయన ముప్పై ఏళ్ళ దాకా వేలూరులో ఒక క్లబ్బులో టెన్నిస్ మార్కరుగా పనిచేశాడు. మార్కరంటే ఏమిటని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. గుడియాత్తం నుంచి తొలి బస్సులో వెళ్ళి, మట్టి కోర్టు మీద నీళ్ళు చల్లి, రోలర్ లాగి, సున్నంతో గీతలు గీసి, నెట్ కట్టి పెట్టాలి. సభ్యుల్లో ఎవరికైనా జోడీ దొరక్కపోతే రాకెట్ పట్టుకుని అవతలి వైపు నిలబడాలి. అక్కడ రాసిపెట్టని నియమం ఒకటి ఉండేది. మార్కరు గెలవకూడదు. బాగా ఆడాలి, సారుకు చెమట పట్టించాలి, చివర్లో మాత్రం ఓడిపోవాలి. కావాలనే ఓడిపోయాడని సారుకు అనుమానం కూడా రాకూడదు. మా నాయన అందులో ఆరితేరినవాడు.

ఒకసారి సున్నం కలుపుతుంటే ఎడమ కంట్లో చింది, ఆ కన్ను మసకబారిపోయింది. అప్పటి నుంచి ఆయన చేసిన పనీ, ఆడిన ఆటా, చూసిన లోకమూ అన్నీ కుడికంటితోనే.

పని మానేశాక గుడియాత్తంలో మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాడు. పక్కింట్లో పొద్దంతా లుంగీ మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ చప్పుడులో టీవీ గొంతు ఎటూ వినపడదు కాబట్టి మాటలు ఆపేసి బొమ్మ మాత్రమే చూసేవాడు. లండన్‌లో పచ్చిక కోర్టుల మీద జరిగే పెద్ద టోర్నమెంటు వచ్చిందంటే ఆ రెండు వారాలూ మధ్యాహ్నం మూడున్నరకల్లా స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చునేవాడు. అక్కడ ఆడేవాళ్ళు తెల్లబట్టలు వేసుకుంటే చూసే మనం మాసినవి కట్టుకోవచ్చునా అనేవాడు.

నేను వేలూరులో ఒక చెప్పుల కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. ఆటపిచ్చి నాకు ఆయన నుంచి వచ్చిందే. పిచ్చి ఒక్కటే అయినా దారులు వేరు. నాకు నంబర్ వన్ ఎవడో వాడే కావాలి. అప్పటి నంబర్ వన్ మీద నాకున్న అభిమానం చూసి మా ఆయన అసూయపడాల్సింది, కానీ ఆయనకు టెన్నిస్ అంటే నిద్ర. మా నాయనకు మాత్రం నంబర్లతో పనిలేదు. ఊరూ పేరూ తెలియనివాడు పెద్దవాడి మీద ఒక్క సెట్టు గెలిస్తే చాలు, కుర్చీలో ముందుకు జరిగి కూర్చునేవాడు. అది నాకు ఒళ్ళుమంట. ప్రతి ఆట తర్వాత ఫోన్లో వాదులాడుకునేవాళ్ళం.

మూడేళ్ళ క్రితం, టోర్నమెంటు మొదలవడానికి రెండు రోజుల ముందు, శనివారం ఫోన్ చేశాడు.

"కంటాస్పత్రికి పోయొచ్చినానమ్మా. కుడికంట్లో నల్లచుక్కలు ఎగరతా ఉండాయని చెప్తి గదా. డాక్టరమ్మ చూసి, లోపల పొర చిరిగిండాది, వేలూరికి పోయి ఆపరేషన్ చేసుకోవాల, అవసరం అనింది."

అవసరం అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు. తమిళంలో దానికి తొందర అని అర్థం, ఆలస్యం చేస్తే కుదరదని. తెలుగులో అయితే కావలసింది అని. మా నాయన రెండు భాషలూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడే మనిషి. ఆయనకు తమిళం చదవడం వచ్చు, తెలుగు అక్షరం రాదు. నేను పెళ్ళయిన కొత్తలో మూడేళ్ళు చిత్తూరులో ఉండి తెలుగు రాయడం, చదవడం నేర్చుకున్నాను. ఇక ఆ పుస్తకాల తెలుగుతో ఇంట్లోవాళ్ళ ప్రాణం తీసేదాన్ని. ఆయన "అవసరంగా పోతా ఉండా" అంటే చాలు, "అవసరం కాదు నాయనా, తొందరగా అనాల" అని దిద్దేదాన్ని. ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు.

ఆ రోజు మాత్రం దిద్దలేదు. ఏ అవసరం అని అడగలేదు. డాక్టరమ్మ తమిళావిడని తెలుసు, ఆవిడ నోట ఆ మాటకు ఒకటే అర్థం ఉంటుందనీ తెలుసు. అయినా నాకు నచ్చిన అర్థం తీసుకున్నాను.

"అవసరమైతే చేయిద్దాంలే నాయనా. సోమారం నుంచి ఆటలుండాయి గదా. ఫైనల్ అయిపోనీ, మర్నాడే పిల్చుకోని పోతా."

"అదే మేలు. కంటికి కట్టు కట్టేసినారంటే ఆట చూసేదానికి కాదు," అన్నాడు. గొంతులో సంతోషం వినపడింది. వేలూరు ఆసుపత్రుల సంగతి నాకే తెలుసని తమ్ముడు ఆ విషయం నాకే వదిలేశాడు. నాకు మిగిలిన సెలవులు కూడా రెండో వారం ఆటలు చూడటానికే పెట్టుకుని ఉన్నాను. అది కూడా ఒప్పుకోవాలి.

మొదటి సోమవారమే ఇద్దరు పెద్ద సీడ్లు, అంటే పై ర్యాంకుల వాళ్ళు, ఇంటిదారి పట్టారు. మంగళవారం ఇంకా కొందరు. మా ఆఫీసులో నా పక్క టేబుల్ అమ్మాయి ఎవరితో ఎవరు ఆడాలో చూపించే డ్రా మొత్తం ప్రింటు తీసి జిరాక్స్ మిషన్ పక్కన గోడకు అంటించింది. ఓడినవాళ్ళ మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత కొడుతూ వచ్చింది. బుధవారానికి ఆ కాగితం మా హెడ్ క్లర్కు దిద్దిన ఉత్తరంలా తయారైంది. ఆ అమ్మాయికి ఇష్టమైన ఆటగత్తె మొదటి రౌండులోనే పోయింది. పాపం ఆ రోజు టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. నేను నవ్వాను. "నీదానికి కాళ్ళు తడబడినాయి, మా వాడు చూడు ఎట్లా ఆడతాడో" అన్నాను. అభిమానులమంతా ఉన్న వాట్సాప్ గ్రూపులో గడ్డి జారుతోందని ఒకరు, బంతులు మార్చేశారని ఒకరు, అంపైరుకు కళ్ళద్దాలు కావాలని ఒకరు. మనవాడు ఓడిపోయాడంటే బాగా ఆడలేదని తప్ప ఇంకేదైనా అనగలం.

నాయన మాత్రం ఆ మూడు రోజులూ పండగ చేసుకున్నాడు. "ఈసారి పేర్లు తెలీనోళ్ళదేమ్మా రాజ్యం" అని ఫోన్లో నవ్వుతూనే ఉన్నాడు. కన్ను ఎలా ఉందని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

గురువారం సాయంత్రం ఆరింటికి మా నంబర్ వన్ ఆట, రెండో రౌండు. ఎదురు నిలబడ్డవాడి పేరు పలకడానికి వ్యాఖ్యాతలే తంటాలు పడ్డారు. నేను కూర్చుంటే మా వాడు ఓడిపోతాడని నాకొక నమ్మకం, అందుకని నిలబడే చూశాను. మొదటి సెట్టు పోయింది. రెండో సెట్టు టైబ్రేకర్‌లో పోయింది. ఆ టైబ్రేకర్ నడుస్తుండగా నాయన ఫోన్ చేశాడు.

"చూస్తా ఉండావా? ఆ పిల్లోడు యాడా తగ్గలే చూడు. ఏం ఆడతా ఉండాడమ్మా!"

"నీకు మా వాడు ఓడిపోతేనే గదా సంతోషం," అని ఫోన్ పెట్టేశాను. టీవీ కూడా కట్టేశాను. కాసేపటికి గ్రూపులో ఏడుపు బొమ్మలు వరసగా రావడం మొదలైంది, అలా తెలిసింది మూడో సెట్టూ పోయిందని. నాయన మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. ఇంకోసారి చేశాడు. ఫోన్ తిరగేసి పెట్టాను. నలభై దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని. ముక్కూ మొహం తెలియనివాడు ఓడిపోతే కన్నతండ్రి మీద అలిగాను.

శుక్రవారం పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి చేశాడు. గెలిచిన సంబరం ఇంకా తీరలేదనుకున్నాను. శనివారం ఒకసారి. ఆదివారం చేయలేదు. నిజానికి మా ఇద్దరికీ టోర్నమెంటు గురువారమే అయిపోయింది. ఎవరి ఫైనల్ కోసం ఆపరేషన్ ఆపానో వాడు విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. శుక్రవారం పొద్దున్నే ఆయనను తీసుకురావడానికి నాకు అడ్డేమీ లేదు. ఆ సంగతి నా బుర్రకు తట్టను కూడా తట్టలేదు, అంత మునిగి ఉన్నాను నా బాధలో.

సోమవారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, నాయన అన్నం తట్టను తోసేసినాడు. అగపడలేదంట. శుక్రారం నుంచి కింద పక్క తెర మాదిరి లేస్తా ఉండాదని చెప్తానే ఉండాడు. నువ్వు ఫోన్ ఎత్తలేదని, నువ్వే చేస్తావులే అని ఊరుకున్నాడు."

అప్పటికప్పుడు వెళ్ళాను. తిరుగు బస్సులో ఆయనను కిటికీ పక్క కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళు రోజూ తిరిగిన దారి, ప్రతి మలుపూ ఆయనకు కంఠతా వచ్చు. కే.వి.కుప్పం సంతలో బస్సు ఆగింది. టమాటా గంపలు ఎక్కాయి, జనం దిగారు, బస్సు మళ్ళీ కదిలింది. కాసేపయ్యాక నా చెయ్యి తడిమి, "కుప్పం వచ్చిందామ్మా?" అన్నాడు. "వస్తా ఉండాది నాయనా" అన్నాను.

వేలూరు ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు చూసి, గుడియాత్తంలో ఎప్పుడు చెప్పారని తమిళంలో అడిగాడు. తొమ్మిది రోజులయిందన్నాను. ఆయన దీపం ఆర్పి నా వైపు తిరిగాడు.

"అవసరమ్‌ను సొల్లలియామ్మా?"

తొందర అని చెప్పలేదా అని అడుగుతున్నాడు. నేను నోరు తెరిచేలోగా మా నాయన అందుకున్నాడు. "చెప్పినారు సార్. నేనే పాపకు సరిగా చెప్పలేదు," అన్నాడు. ముప్పై ఏళ్ళు ఎదుటివాళ్ళను గెలిపించిన మనిషి. నేను పక్కనే నిలబడి ఆ గెలుపు తీసుకున్నాను. కాదు సార్, నాకు సరిగ్గానే చెప్పాడు అని ఒక్క మాట అనలేకపోయాను.

ఆపరేషన్ చేశారు. చిరిగిన పొర పూర్తిగా ఊడిపోయిందనీ, వారం ముందు వచ్చి ఉంటే చూపు చాలావరకు నిలిచేదనీ చెప్పారు. ఇప్పుడు ఆయనకు వెలుగు తెలుస్తుంది, మనిషి అడ్డమొస్తే నీడ తెలుస్తుంది. బంతి తెలియదు.

ఇప్పుడు నేను సెలవులన్నీ మొదటి వారానికే పెట్టుకుని గుడియాత్తం వెళతాను. ఆయన పక్కన కూర్చుని బంతి ఎటు పడిందో చెబుతాను. ఈ ఏడాదీ మొదటి మూడు రోజుల్లోనే పెద్దవాళ్ళు పోయారు. గ్రూపులో మళ్ళీ గడ్డిని తిట్టారు, అంపైరును తిట్టారు. నేనేమీ రాయలేదు. ఒక పేరులేనివాడు గెలిచాడని చెప్పగానే నాయన మొహం విప్పారింది. ఆ గురువారం ఆట గుర్తొచ్చింది ఆయనకు. ఆయన కళ్ళారా చూసిన ఆఖరి ఆట అదే.

"గెలిచినాక గూడా ఆ పిల్లోడికి నమ్మకం రాలేదమ్మా. అంపైరు దిక్కు చూసినాడు, నేను గెలవచ్చునా అని అడిగినట్టు. అది చెప్దామనే ఆ పొద్దు నీకు అన్నిసార్లు చేస్తి. నువ్వూ చూసినావు గదా?"

ఆ ఆట ఫోన్లో వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. మూడేళ్ళయింది, నేను ఇప్పటిదాకా చూడలేదు.

"చూసినా నాయనా," అన్నాను.