మామను నడిపించిన కాలం

పోయిన ఆదివారం నా మనవరాలు బజారు నుంచి బరువు చూసుకునే యంత్రం ఒకటి కొనుక్కొచ్చింది. పీటంత గాజు పలక, మీద నిలబడితే చాలు, అంకెలు ఎర్రగా వెలుగుతాయి. ఇంట్లో వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగారు, నవ్వుకున్నారు, రాత్రిపూట అన్నం మానేస్తానని ఒకరు, రేపటినుంచి నడుస్తానని ఒకరు ఒట్లు పెట్టుకున్నారు. నా వంతు వచ్చేసరికి నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఏం నానమ్మా, భయమా అంటూ పిల్ల వెనకాలే వచ్చింది. భయం కాదు, కోపం. అరవై ఏళ్ళు పైబడినా చల్లారని కోపం. ఆ పిల్లకు చెప్పినా అర్థం కాదు గానీ, ఆ రోజులు చూసిన మీకైతే చెప్పుకోవచ్చు.

మాది గూడూరు దగ్గర కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి దగ్గరగా ఉండే చిన్న పల్లె. అంచున ఇసుక దిబ్బలు, సరుగుడు తోపులు, వాటికి ఇవతల మా వరి మళ్ళు. ఇంటికి మొదటి మనవరాలినని అవ్వ నన్ను పెంచిన తీరు ఇప్పటి డాక్టర్లు వింటే గుండె పట్టుకుంటారు. పొద్దున చద్దన్నంలోకి గడ్డపెరుగు, మధ్యాహ్నం వేడన్నంలో ముద్దముద్దకూ నెయ్యి, బడి నుంచి రాగానే నువ్వులుండలు, రాత్రి చేపల పులుసుతో మళ్ళీ అన్నం, అది చాలదన్నట్టు పడుకోబోయే ముందు మీగడ కట్టిన పాలు. ఒళ్ళు చేసిన పిల్ల అంటే కలిగిన ఇంటి పిల్ల అని ఆ రోజుల్లో పేరు. బక్కపలచని పిల్లలను చూసి అవ్వ అయ్యో పాపం అనేది, నన్ను చూసి దిష్టి తీసేది. అందువల్ల నా ఒళ్ళు నవ్వదగినదని పద్నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు తెలియనే తెలియదు. ఆ సంగతి నాకు తెలియజెప్పినవాడు మా మామ.

నాయన చెల్లెలిని, అంటే మా మేనత్తను, గూడూరులో ఇచ్చారు. ఆమె భర్త అయిన మామకు అక్కడ నిమ్మకాయల మండీ ఉండేది. కింద మండీ, మేడ మీద ఇల్లు. వేసవి సెలవులు వస్తే నేను అక్కడికే వెళ్ళేదాన్ని. నిమ్మకాయల వాసన, బస్తాలు మోసే హమాలీల కేకలు, కాయలు వేలం పాడే పాటదారుల హడావిడి, పక్కనే స్టేషన్లో రైలు కూతలు, ఇవన్నీ మా పల్లెలో లేని వింతలు. మండీ మధ్యలో దూలానికి గొలుసులతో వేలాడదీసిన పెద్ద కాటా ఉండేది. రెండు వైపులా చెక్క పలకలు. ఒకనాటి పొద్దున, పాట ముగిసి జనమంతా తీరిగ్గా బీడీలు కాల్చుకుంటున్న వేళ, మామ నన్ను పిలిచి ఆ పలక చూపించి, "ఎక్కు మే, ఉయ్యాల ఊపుతాను" అన్నాడు.

నేను సంబరంగా ఎక్కి కూర్చున్నాను. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏడుస్తూ ఎక్కి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు, నవ్వుతూ ఎక్కాను. రెండో పలక మీద ఒక నిమ్మకాయల బస్తా వేయించాడు. నేను ఉన్న వైపు పలక నేల విడిచి లేవలేదు. మామ చుట్టూ ఉన్న వాళ్ళ వైపు తిరిగి చేతులు చాచి, "ఒకటి చాలేటట్టు లేదు, ఇంకోటి ఎయ్యండ్రా! దీన్ని చేసుకునేవాడు ముందుగా గాదె కట్టించుకోవాల!" అన్నాడు. రెండో బస్తా పడ్డాక నా పలక మెల్లగా పైకి లేచింది. హమాలీలు నవ్వారు, పాటదారులు నవ్వారు, కాయలు తెచ్చిన రైతులు కూడా నవ్వారు. దిగుదామంటే కాళ్ళు నేలకు అందవు. గొలుసులు పట్టుకుని పైకి చూస్తే, మేడ వసారాలో నిలబడి మా అత్త, నా నాయన తోడబుట్టిన మనిషి, నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఆ రోజు నుంచి నా పేరు రెండు బస్తాలు. గూడూరులో పుట్టిన ఆ పేరు నాకంటే ముందే మా పల్లె చేరింది. పెళ్ళిళ్ళలో, తిరునాళ్ళలో, బంధువులు ఎక్కడ కలిసినా, రెండు బస్తాలు వచ్చిందా అని అడిగేవాళ్ళు. ఇంటికి తిరిగి వచ్చే బస్సులో నేను ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకుని ఒకటే అనుకున్నాను: ఈ మనిషిని అదే చోట, అదే జనం ముందర నవ్వులపాలు చేయకపోతే నేను మా నాయనకు పుట్టినదాన్ని కాదు. ఎలాగన్నది మాత్రం తెలియలేదు.

కోట బడిలో మాకు డ్రిల్లు చెప్పే టీచరమ్మ ఒకామె ఉండేది. నెల్లూరు క్రైస్తవుల ఇంటి ఆడపడుచు, తెల్లచీర, బిగించి ముడేసిన జుట్టు, ఎండలో నిలబడినా కొంగు నెత్తిన వేసుకోని మనిషి. సెలవులయ్యాక నేను డ్రిల్లు క్లాసులో ఒక మూల ముడుచుకుని కూర్చుంటే ఆమె వచ్చి కాసేపు నా మొహం చూసింది. ఏం జరిగిందని అడగలేదు. "కోపంగా ఉన్నప్పుడు కూర్చోబాకమ్మా, లేచి నడువు" అంది. ఆమె నాకు చెప్పిన పాఠం అదొక్కటే, కానీ నాకది సరిపోయింది.

మరునాటి నుంచి బండి ఎక్కడం మానేసి బడికి నడిచి వెళ్ళాను. సాయంత్రాలు తోపుల వెనక, ఎవరూ చూడని చోట, పావడా ఎగదోపి ఇసుకలో పరుగెత్తేదాన్ని. ఇసుకలో పరుగెత్తడం మీకు తెలియనిది కాదు. ముందుకు వేసిన కాలు వెనక్కి జారుతుంది, పిక్కలు పగిలిపోతాయి, నోట్లో ఉప్పుగాలి నిండుతుంది. ఇక చాలు అనిపించిన ప్రతిసారీ కాటా పక్కన చేతులు చాచిన మామను తలుచుకునేదాన్ని. మళ్ళీ పరుగు వచ్చేది. అమ్మతో పోటీపడి వడ్లు దంచాను. నెయ్యి మానేశాను. పనివాళ్ళకు వండిన రాగి సంగటి నాకూ పెట్టమన్నాను. అది విని అవ్వ పొయ్యి ముందు కూలబడి, ఇంట్లో ధాన్యం లేక సంగటి తింటున్నావా అని రాగం తీసి ఏడ్చింది. నేను చిక్కుతున్న కొద్దీ ఇంట్లో దిగులు పెరిగింది. గాలి సోకిందని తాయెత్తు కట్టారు. కోట ఆసుపత్రికి తీసుకుపోయి చూపించారు. పిల్ల గుండ్రాయిలాగ ఉందమ్మా, ఏ జబ్బూ లేదని డాక్టరు చెప్పినా అవ్వ నమ్మలేదు, ఆయనకు చదువు సరిగ్గా రాలేదని తేల్చేసింది.

ఎస్సెల్సీ పరీక్షకు కూర్చునేనాటికి నా పాత రవికెలన్నీ అమ్మ విప్పి మళ్ళీ కుట్టవలసి వచ్చింది. ఆ తర్వాత నాయనతో పోట్లాడి మద్రాసు వెళ్ళి డ్రిల్లు టీచరు ట్రైనింగు చేశాను. తిరిగి రాగానే దేవుడే పంపినట్టు గూడూరు ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికింది. చేరిన రోజునే అత్తను చూడ్డానికి వెళ్ళాను. నిజం చెబుతున్నాను, అత్తను చూడ్డానికి కాదు, మామకు నన్ను చూపించుకోవడానికి వెళ్ళాను. ఆయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. ముందుకంటే బాగా లావెక్కాడు. నన్ను ఎగాదిగా చూసి, లోపలికి కేకేసి, "ఓమే, రెండు బస్తాలు వచ్చినాది, కాఫీ ఇయ్యి" అన్నాడు.

అంటే నేను కరిగించుకున్నది ఒళ్ళే, పేరు కాదు. అన్నేళ్ళ ఇసుక పరుగు ఆ మనిషి కళ్ళకు ఆననే లేదు. కాఫీ తాగి వచ్చేశాను. ఆ కాఫీ చేదు ఇంకా నా నాలుక మీద ఉంది.

రెండేళ్ళు గడిచాయి. మామ కాలికి దెబ్బ తగిలి ఎంతకూ మానలేదు. నెల్లూరు తీసుకుపోతే చక్కెర జబ్బు అన్నారు. ఆసుపత్రిలో చాలా రోజులుంచి పుండు మాన్పి పంపారు గానీ, ఒళ్ళు తగ్గించి రోజూ నడవకపోతే ఈసారి కాలే తీసేయవలసి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడట. మామకు నడవడమంటే తల తీసేసినంత పని. ఆ రోజుల్లో కలిగినవాడు బజారులో నడిచి వెళితే, ఏమైందో, జట్కా కూడా అమ్ముకున్నాడు కాబోలు అనుకునేవాళ్ళు. వసారాలో నాలుగు అడుగులు వేసి పడకకుర్చీలో వాలిపోయేవాడు. అత్త ఏడ్చింది, తిట్టింది, అన్నం పెట్టనంది. ఏదీ పారలేదు. చివరికి ఒక సాయంత్రం నేను అద్దెకుండే గదికి వచ్చి, చాప మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ, "నువ్వు పిల్లకాయల్ని నడిపించేదానివి గదా మే, మీ మామను గూడా నడిపించు, నీ మాటయితే ఇంటాడు" అంది.

నేను ఎంత తొందరగా ఒప్పుకున్నానంటే, అత్త ఏడుపు ఆపి నా మొహంలోకి అనుమానంగా చూసింది.

మొదటి రోజే బడిలో వాడే ఈల మెడలో వేసుకుని వెళ్ళాను. మామ చేత కాన్వాసు బూట్లు తొడిగించాను, పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టించాను. ఊరి బయట చెరువు గట్టు ఉంది, చల్లగా నీడలో నడవొచ్చు. నేను ఆ వైపు తిరగలేదు. పాట జోరుగా సాగుతున్న వేళ చూసి నిమ్మకాయల బజారు మధ్యలోంచి తీసుకుపోయాను. ఆయన అడుగు మందగిస్తే ఈల ఊదేదాన్ని. కొట్ల ముందు కూర్చున్న వాళ్ళు లేచి నిలబడి చూశారు. మామ చెమటలు కక్కుతూ నా పక్కకు జరిగి, "ఆ సందులోంచి పోదాం మే, నీకు దండం పెడతా" అని గొణిగాడు. డాక్టరు వంకర దారులు వద్దన్నాడని చెప్పాను. డాక్టరు అలాంటి మాట ఏదీ అనలేదు.

అక్కడితో ఆపలేదు. నెల తిరిగాక, తిరుగు దారిలో ఆయన మండీ ముందే నిలబెట్టి, అందరికీ వినబడేలా, "కాటా ఎక్కు మామా, ఎంత తగ్గినావో చూద్దాం" అన్నాను. ఆయన ఆయాసపడుతూ దిక్కులు చూశాడు. నేను ఈల నోట్లో పెట్టుకునేసరికి వెళ్ళి పలక మీద కూర్చున్నాడు. బస్తాలు వేయమన్నాను. హమాలీలు యజమాని మొహం చూసి జంకారు. నేను గద్దిస్తే ఒకటి వేశారు, రెండు వేశారు, మూడోది వేసినప్పుడు గానీ పలక కదలలేదు. ఎవరో ఒకడు పుసుక్కున నవ్వాడు. ఇంకొకడు అందుకున్నాడు. క్షణంలో మండీ అంతా ఘొల్లుమంది. మామ రెండు చేతులా గొలుసులు పట్టుకుని, కాళ్ళు గాలిలో వేలాడుతూ ఉంటే, నేను ఎదురుగా నిలబడి తనివితీరా చూశాను. మా అవ్వ పెట్టిన మీగడ పాలు, నువ్వులుండలు, ఏవీ నాకు అంత తియ్యగా లేవు. ఇప్పటికీ ఆ విషయంలో నాకు చింత లేదు.

నవ్వులు సద్దుమణిగాక మామ మెల్లగా అడిగాడు.

"ఎన్నాళ్ళనించి పెట్టుకోనుండావు మే, ఇది మనసులో?"

"నువ్వు నన్ను ఎక్కించిన రోజునించి."

ఆయన దిగి, పంచె సర్దుకుని, మేడెక్కి వెళ్ళిపోయాడు. రేపటినుంచి ఇక రాడనుకున్నాను. నా పగ తీరింది, ఆయన కాలు ఏమైతే నాకేమని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి తలుపు తీస్తే మామ నా గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, బూట్లు తొడుక్కుని. పశ్చాత్తాపం అనుకునేరు, కాదు. వ్యాపారి కదా, నేను మొదలుపెట్టిన పందెంలో నన్నే ఓడించాలని వచ్చాడు. బజారు దారినే నడిచాడు. నేను ఈల ఊదే అవసరం రాలేదు. అత్త సంగటి ముద్ద పెడితే నోరెత్తకుండా మింగాడు. నెల నెలా తానే కాటా ఎక్కి కూర్చుని, వెయ్యండ్రా అని కేకేసేవాడు. మూడో బస్తా అక్కర్లేదని తేలిన రోజున హమాలీలు ఈలలు వేసి గంతులేశారు. ఆయన గద్దె ఎక్కి అందరికీ సోడాలు తెప్పించాడు. చూస్తుండగానే పక్క మండీల వాళ్ళు కూడా ఆయన వెంట పొద్దున్నే బూట్లు తొడుక్కుని బయల్దేరారు. నవ్వులపాలు చేద్దామని నేను పెట్టిన నడక ఆయనకు ఊళ్ళో పెద్ద మర్యాద అయి కూర్చుంది.

దానికీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది. ఒక పెళ్ళి బంతిలో ఎవరో దూరపు బంధువు నన్ను చూసి, రెండు బస్తాలు బాగుండావా అని పలకరించాడు. నేను జవాబిచ్చేలోపే ఎదుటి వరసలోంచి మామ విస్తరి మీద నుంచి తలెత్తి, "ఇప్పుడు రెండు బస్తాలు నేను రా అబ్బయ్యా!" అని ఎడమచేత్తో పొట్ట తట్టి చూపించాడు. బంతంతా నవ్వింది. ఆ నాటితో ఆ పేరు నన్ను వదిలి ఆయనకు అంటుకుంది. జనం ప్రేమగా పిలిచేవాళ్ళు, ఆయన గర్వంగా పలికేవాడు. నన్ను అన్నేళ్ళు కాల్చిన నిప్పు ఆయన చేతిలో పడేసరికి నవ్వులాట అయిపోయింది. నాకు కావలసింది అది కాదు. తప్పయింది మే, అన్న ఒక్క మాట. నేను ఎన్నో పొద్దులు ఆయన పక్కన నడిచాను, ఆ మాట ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అని. వానల గురించి, కాయల ధరల గురించి, అత్త కీళ్ళ నొప్పుల గురించి మాట్లాడేవాడు. ఆ ఒక్కటీ అనలేదు.

రెండు కాళ్ళతో, నిండు వయసు దాకా బతికాడు. ఆయన పోయిన రోజు అత్త నా చేతులు పట్టుకుని, నువ్వు పెట్టిన ఆయుష్షే మే ఇన్నాళ్ళూ అని ఏడ్చింది. పగ తీర్చుకోబోయి ఆయుష్షు పోసిన దాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. క్షమించానా అని అడగకండి. లేదు.

ఇప్పుడు నేను పరుగెత్తిన ఇసుక మీద తోపులు లేవు, రొయ్యల గుంటలు తవ్వారు. గూడూరులో నడవడానికి ఎవరూ సిగ్గుపడరు, నెల్లూరులో అయితే పొద్దున్నే మైదానాల నిండా నడిచేవాళ్ళే. మంచిదే. కానీ ఎవరూ ఎవరి మొహమూ చూడరు. ఎదురుపడి వెక్కిరించేవాళ్ళు లేరు, ఎదురుపడి బదులు తీర్చుకునేవాళ్ళూ లేరు. నేనూ రోజూ వెళతాను. వెనక ఎవరైనా బరువుగా ఆయాసపడుతూ వస్తున్నట్టు వినిపిస్తే, ఈ వయసులోనూ నా అడుగు దానంతటదే పెద్దదవుతుంది, రా చూద్దాం అన్నట్టు. కాసేపటికి ఎవరో కుర్రవాడు చెవుల్లో పాటలు పెట్టుకుని, నా వైపు చూడనైనా చూడకుండా, దాటి వెళ్ళిపోతాడు.