వాకర్లను నమ్మిన మా ఇంగ్లీషు సారు

కరీంనగర్‌లోని మా పత్రికాఫీసుకు వార్తల కవర్లు తెచ్చే మా ఊరు లక్సెట్టిపేట బస్సు కండక్టరు, సోమవారం కవరు ఇచ్చి వెళ్లిపోకుండా నిలబడ్డాడు. "మీ ఇంగ్లీషు సారు నిన్న పొద్దుగాల పోయిండు. మాపటికే అన్నీ అయిపోయినయ్," అన్నాడు.

నాకు వాక్యం రాయడం నేర్పింది ఆయనే. కాంపోజిషన్ దిద్దుతూ, "విశేషణాలు కొట్టెయ్‌రా, ఏం మిగుల్తదో సూడు" అనేవారు. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. మేం చాకలివాళ్లం. బాపు నన్ను బడి మాన్పించినప్పుడు సారు గోదావరి రేవుకే వచ్చారు. "రెండు చీరెలు నేను పిండుత గని, పిలగాన్ని బడికి తోలు," అన్నారు. మర్నాడే నేను బడికి వెళ్లాను.

ఇంగ్లీషువాళ్ల ఇంటిపేర్లంటే ఆయనకు పిచ్చి. వాకర్ అంటే పూర్వం ఉన్నిబట్టను తొట్టి నీళ్లలో వేసి, కాళ్లతో తొక్కి చిక్కగా చేసేవాడు. అదే పనివాణ్ని వేరే సీమల్లో ఫుల్లర్ అన్నారు, టక్కర్ అన్నారు. మనిషిని గుర్తుపట్టడానికి పేరు పక్కన పని రాసేవారు. తర్వాత కొడుకులు ఆ పని మానేశారు, పేరు మాత్రం ఉండిపోయింది.

పోలీసు చర్య తర్వాత బడిలోకి తెలుగు వచ్చింది. ఉర్దూ రిజిస్టర్లను తెలుగులో మళ్లీ రాస్తూ, ఇంటిపేరు గడి నింపడానికి సారు బాపును పిలిపించారు.

"ఇంటిపేరు ఉన్నది సారూ. గని ఊర్ల ఎవ్వలు దాంతోని పిలువరు. చాకలోడనే అంటరు."

"అయితే గదే రాస్త. ఇంగ్లండుల వాకర్లు జడ్జీలయిండ్రు. నీకెందుకు సిగ్గు?"

"సిగ్గు గాదు సారూ..." అని బాపు ఆగిపోయాడు. సారుకు ఎదురు చెప్పడం మా ఇంట్లో లేదు.

నా పేరు ముందు 'చాకలి' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. మెట్రిక్ సర్టిఫికెట్‌లోకీ అదే వచ్చింది. మొదటి ఇంటర్వ్యూలో అధికారి దాన్ని చూసి ఒక్కటే అడిగాడు: "నువ్వు ఈడికొస్తె ఊర్ల బట్టలెవలు ఉతుకుతరు?" పక్కవాళ్లు నవ్వారు. ఉద్యోగం రాలేదు.

కొన్నేళ్లకు ఈ సంగతి సారుకు చెప్పాను, వార్త చదివినట్టు. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆడ పని ఇడిస్తె పేరు ఉత్త పేరయింది. ఈడ పని ఇడిసినా పేరు మనిషిని ఇడుస్తలేదు. నేను పుస్తకం సూసిన్రా, ఊరు సూడలే."

పోయిన ఎండాకాలం కరీంనగర్ వచ్చారు. పేరు మార్పుకు దరఖాస్తు తానే రాసుకొచ్చారు. తప్పు విద్యార్థిది కాదు, తనదేనని కింద వాంగ్మూలం, సంతకం. ఇక నా సంతకమే కావాలి.

"జర సంతకం పెట్టు బిడ్డా. ఆఫీసుల నేనే ఇచ్చిపోత."

"పనిల ఉన్న సార్. మల్ల సూద్దాం."

పనేమీ లేదు. ఆయన తప్పు అంత తేలిగ్గా తీరిపోవడం నాకిష్టం లేకపోయింది. కారణం అదొక్కటే.

"ఫికర్ లేదు. మల్లొస్త," అన్నారు.

బస్టాండు దాకా వెళ్లాను. సారు బస్సులో కిటికీ పక్కన, ఆ దరఖాస్తు కాగితం మోకాళ్ల మీద పరుచుకుని కూర్చున్నారు. బస్సు కదిలేదాకా నా వైపే చూశారు. చేతిలోని పెన్నుకు ఇంకా మూత పెట్టలేదు.