అక్క పొంగణాల్లో తప్పు కోసం రెండేళ్లు

2018 ఎండాకాలం. ప్రొద్దుటూరులో నేను ఫ్రిజ్జుల రిపేరు షాపు పెట్టి అప్పటికి పదేళ్లు దాటింది. అంతకుముందు తొమ్మిదేళ్లు కువైట్‌లో కోల్డ్ స్టోరేజీల్లో పనిచేశాను. మాంసం, చేపలు గడ్డకట్టించి నెలల తరబడి నిల్వ చేసే గోదాములవి. ఆ పని తెలిసినవాణ్ణి మా చుట్టుపక్కల నేనొక్కణ్ణేనని కొంచెం పొగరుగానే ఉండేవాణ్ణి. ఈ కేసులో నా పనితనం కొద్దిగా, నా కుళ్లు చాలా ఉన్నాయి. రెండూ దాచకుండా రాస్తాను.

ఈశ్వరమ్మది జమ్మలమడుగు. పొద్దున్నే బస్టాండు ఎదురుగా పొంగణాలు పోసి అమ్మేది. నేను షాపు పెట్టిన కొత్తలో పాత చెస్ట్ ఫ్రీజర్ కోసం వచ్చింది. అంటే ఐస్‌క్రీం షాపుల్లో కనిపించే, పైకి మూత తెరుచుకునే పెట్టె. పొంగణాలు అందులో పెట్టి నెల తర్వాత వేడిచేస్తే ఎలా ఉంటాయని అడిగింది. మెల్లగా గడ్డకడితే లోపలి తడి పెద్ద పలుకులై పిండిని చీలుస్తుంది, గట్టి చలిగాలి కొట్టి త్వరగా గడ్డకట్టిస్తే చీలదు, దాన్ని బ్లాస్ట్ ఫ్రీజింగ్ అంటారు అని కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. అంతా విని, సగం భాగానికి రమ్మని ఆమే అడిగింది. పెనం మీంచి దిగిన పొంగణమే చల్లారితే పక్కకు నెట్టే మనుషులం, రాయిలా గడ్డకట్టింది ఎవరు తింటారమ్మా అని నవ్వాను.

తిన్నారు. మొదట జమ్మలమడుగులో ఒక లేడీస్ హాస్టల్ వాళ్లు తిన్నారు. తర్వాత ముద్దనూరు దగ్గర థర్మల్ కరెంటు ప్లాంటు క్వార్టర్స్ వాళ్లు, ఆ తర్వాత ఇడుపులపాయలో పాఠాలు చెప్పే సార్ల ఇళ్లవాళ్లు. కొన్నాళ్లకు ఈశ్వరమ్మ ఫొటో వేసిన పసుపు పాకెట్లు ప్రొద్దుటూరు షాపుల్లోకి వచ్చాయి. వాటికి పెట్టిన పేరు ఏదో ఉంది గాని, జనం నోట్లో అక్క పొంగణాలే అయ్యాయి. ఒకసారి మా బామ్మర్ది కువైట్ నుంచి సెలవు మీద వచ్చి, అక్క పొంగణాలు యాడ దొరుకుతాయని నన్నే అడిగాడు. నేను గీసిన బొమ్మతో ఆమె ఇంత ఎత్తుకు పోయిందని ఆరోజు నాకు అన్నం సహించలేదు.

ఇంకా పెద్ద మంట తర్వాత వచ్చింది. ముద్దనూరు రోడ్డులో ఆమె కోల్డ్ రూమ్ కట్టింది. గది మొత్తం ఒక ఫ్రీజరన్నమాట. ఆ పని నాకివ్వలేదు, బెంగళూరు నుంచి ఎవరినో పిలిపించింది.

అప్పటి నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. రిపేరుకు ఏ ఊరు పోయినా అక్క పొంగణాల పాకెట్ ఒకటి కొనేవాణ్ణి. షాపు పేరు, కొన్న రోజు చీటీ మీద రాసి అంటించి, నా షాపు ఫ్రీజర్‌లో పడేసేవాణ్ణి. తీరిక దొరికినప్పుడు ఒక్కోటి విప్పి విరిచి చూసేవాణ్ణి, వాసన చూసేవాణ్ణి, వేడిచేసుకుని తినేవాణ్ణి. ఏదో ఒక తప్పు దొరక్కపోతుందా అని ఆశ. మా ఆవిడ అడిగితే ఇది మా లైన్‌లో పరిశోధన అని చెప్పాను. ఆమె నమ్మలేదు.

ఆ ఎండాకాలం ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. పులివెందుల డీలరు గొడవ చేస్తున్నాడట. పొంగణాలు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దలవుతున్నాయి, పుల్లటి వాసన వస్తున్నాయి, వారంలో సరిచేయకపోతే సరుకంతా వెనక్కి పంపుతానన్నాడట. ఆమె సరుకులో సగం అతని చేతి మీదే పోతుంది. బెంగళూరు వాళ్లు వచ్చి కోల్డ్ రూమ్ బాగుందని చెప్పి వెళ్లారు. ఒకసారి నువ్వొచ్చి చూడన్నా అంది. నేను పెళ్లికి పోతున్నట్టు చొక్కా మార్చుకుని పోయాను.

రూమ్ నిజంగానే బాగుంది. మైనస్ పద్దెనిమిది దగ్గర కదలకుండా నిలబడి ఉంది. తలుపు చుట్టూ చలి బయటికి పోకుండా ఉండే రబ్బరును గ్యాస్కెట్ అంటాం, అదీ బాగుంది. అప్పుడు ఈశ్వరమ్మ వాపసు వచ్చిన పాకెట్లు చూపించింది. లోపల మంచు పొడి, కింద ముద్ద. చూడగానే తెలిసిపోయింది. ఒకసారి గడ్డకట్టింది కరిగి, మళ్లీ గడ్డకడితేనే అట్లా అవుతుంది. నేను నోరు తెరిచేలోపే ఆమె తన లెక్క చెప్పింది. చెడిపోయినవన్నీ సాలమ్మ పిండి రుబ్బిన రోజు బ్యాచ్‌వే, అంటే ఒకే రోజు ఒకే పిండితో చేసి ఒకే నంబరు వేసినవి. పిండి ఎక్కువ పులిసిందని డీలరు అంటున్నాడు. అదే బ్యాచ్ పాకెట్లు వేరే ఊళ్లలో ఎట్లున్నాయో చూద్దామంటే అన్నీ అమ్ముడుపోయాయి, ఒక్కటీ మిగల్లేదు. సాలమ్మ బస్టాండు నాటి నుంచి ఆమె దగ్గరే పనిచేస్తోంది. సోమవారం నుంచి రావద్దని ఈశ్వరమ్మ ఆమెకు చెప్పేసిందట.

ఆ నంబరు పాకెట్లు నా ఫ్రీజర్‌లో మూడున్నాయి. ప్రొద్దుటూరుది, జమ్మలమడుగుది, పులివెందులది. ఆ సంగతి నేను చెప్పలేదు. రూమ్ బాగుందమ్మా, నాకేం దొరకలేదు అని వచ్చేశాను. దోవ పొడుగునా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నేనేం చెడగొట్టలేదు కదా, నోరు మూసుకుంటే చాలు, దానంతటదే పడిపోతుంది అని. షాపుకు రాగానే ఆ మూడు పాకెట్లు విప్పాను. రెండింట్లో పొంగణాలు గోలీల్లా విడివిడిగా దొర్లాయి. పులివెందులది ముద్ద. పిండిలో తప్పు లేదు, సాలమ్మ చేతిలో తప్పు లేదు.

నాలుగు రోజులు నాకు ఏ పనిలోనూ మనసు నిలవలేదు. ఈశ్వరమ్మ పడిపోవాలని నేను రెండేళ్లు కోరుకున్న మాట నిజం. కానీ పడబోతున్నది ఈశ్వరమ్మ ఒక్కతే కాదు, ముందుగా సాలమ్మ. ఆదివారం పొద్దున ఫ్రీజర్‌లో ఉన్న పాకెట్లన్నీ ఐస్ పెట్టెలో సర్దుకుని జమ్మలమడుగు పోయాను. ఆ మూడు తీసుకుపోతే చాలు. అన్నీ ఎందుకు తీసుకుపోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఈశ్వరమ్మ చీటీలు ఒక్కొక్కటే చదివింది.

"ఇన్ని పాకెట్లు ఏంటికి కొన్న్యావన్నా?"

"తప్పు దొరుకుతాదేమోనని."

"ఎన్నాళ్ల నుంచి?"

"నన్ను పిలవకుండా ఆ రూము కట్టించుకున్న్యావే, అప్పటి నుంచి. నాకు కుళ్లమ్మా. మొన్న వచ్చినప్పుడే నాకు తెల్సు. చెప్పకుండా పోయినా."

ఆమె తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. ఆమె చీటీలన్నీ ఒకచోట పేర్చి, "నిన్నే పిలుద్దామనుకున్న్యా. మళ్లా నవ్వుతావేమోనని భయపడినా" అంది.



ఆరోజే ఇద్దరం పులివెందుల పోయాం. డీలరు ఫ్రీజర్ గ్యాస్కెట్ ఒక మూల చిరిగి ఉంది. అది పెద్ద విషయం కాదు. షాపు మూసేటప్పుడు ఫ్రీజర్ ఆపుతావా అని అడిగితే, అందులో దాచడానికి ఏముందన్నట్టు చెప్పాడు. కరెంటు బిల్లు ఎక్కువ వస్తోందని రోజూ ఆపి, పొద్దున్నే వేస్తాడట. "మూత మూసే ఉంటాది గదప్పా, చలి యాడికి పోతాది?" అన్నాడు. చలికాలమంతా నిజంగానే ఎక్కడికీ పోలేదు. ఎండలు ముదిరాక పోయింది, అప్పుడు అతని ఫ్రీజర్‌లో ఉన్నది సాలమ్మ రుబ్బిన ఆ బ్యాచే. మూడు పాకెట్లు అతని బల్ల మీద విప్పి పెడితే చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, స్విచ్ మీద చేయి పడకుండా ప్లాస్టర్ టేపు అంటించమని నన్నే అడిగాడు.

మర్నాడు సోమవారం. డీలరు ఫ్రీజర్ గ్యాస్కెట్ కొలతలు ఈశ్వరమ్మకు చెప్పాలని జమ్మలమడుగు పోయేసరికి సాలమ్మ పిండి దగ్గరే ఉంది. ఈశ్వరమ్మ ఆమెకు అంతా చెప్పినట్టుంది. చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"రెండేండ్లు ఎదికినావంట గదన్నా. నా చేతిలో ఒగ తప్పన్నా దొరికిందా?"

ఇళ్లకు పోయి కంప్రెషర్ పోయిందని, గ్యాస్ లీకైందని చెప్పి బతికేవాణ్ణి నేను. తప్పు చూపించడానికి నాకెప్పుడూ నోరు తడబడలేదు. ఆరోజు చెప్పాల్సింది వేరే మాట.

"ల్యాదమ్మా. ఒగటి గూడా దొరకల్యా."

ఆమె తలూపి మళ్లీ పిండి దగ్గరికి పోయింది. బాగున్నదాన్ని బాగుందని ఆ పని చేసిన మనిషి ముఖం మీద చెప్పడం కూడా మెకానిక్ పనేనని అంతవరకు నాకు తెలియదు. కుళ్లు పోయిందా అంటే పోలేదు, ఇప్పటికీ పాకెట్లు కొని విరిచి చూస్తూనే ఉన్నాను. తప్పు దొరికితే మాత్రం మొదటి ఫోన్ ఈశ్వరమ్మకే చేస్తాను.