ఎదురుకాళ్ల మనిషిని

నేను ఎదురుకాళ్లతో పుట్టానట. తలకన్నా ముందు కాళ్లు బయటికి వచ్చాయన్నమాట. అలా పుట్టినవాళ్ల కాలు తగిలితే పట్టేసిన నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. అందువల్ల మూడో తరగతితో బడి మానేసిన నాకు కూడా ఊళ్లో ఒక గిరాకీ ఉండేది.

నాట్లు పడే రోజుల్లో తెల్లవారేసరికి మా వాకిట్లో ఎవరో ఒకరు నడుం పట్టుకుని నిలబడేవారు. అమ్మ చాప పరిస్తే బోర్లా పడుకునేవారు. నేను కాళ్లు కడుక్కుని వచ్చి, కుడిపాదం నడుం మీద ఆనించి మెల్లగా తొక్కేదాన్ని. కొట్టు షావుకారుగారైతే నాట్లతో పని లేకుండా, బస్తా ఎత్తినప్పుడల్లా వచ్చేవారు. ఆయన చొక్కా విప్పితే బెల్లం వాసన వేసేది.

"గట్టిగా తొక్కవే పిల్లా. అన్నం తిన్లేదా ఏంటి?"

"తిన్నానండి. మీరే ఎక్కువ తిన్నట్టున్నారు, ఎముక తగలట్లేదు."

అమ్మ నా తొడ మీద గిల్లింది. ఆయన మాత్రం చాప మీదే కదిలి కదిలి నవ్వారు. నడుం అప్పుడే వదిలిందన్నారు. ఆ తడి కళ్లాపి, నా కాలి కింద వెచ్చటి వీపులు ఇప్పటికీ తలపుకు వస్తాయి.

ఇప్పుడు పట్టేసింది నా నడుమే. ఏళ్లయింది. పక్కకి ఒత్తిగిలి లేవడం, వేడినీళ్ల కాపడం, ఆసుపత్రిలో చెప్పిన వ్యాయామం, వీటితోనే నెట్టుకొచ్చాను. కొన్న వస్తువు మూల పడేయడం నాకు చేతకాదు, కాబట్టి నడుం బెల్టూ కట్టుకున్నాను. ఈమధ్య బజారులో చెప్పు జారిపోయినా తెలియకుండానే నడిచాను. పూలమ్మాయి వెనక నుంచి పిలిచింది.

"మామ్మగారూ, మీ చెప్పు ఇక్కడుండిపోయిందండి."

కుడికాలి చెప్పు. ఊరి నడుములు తొక్కిన కాలే అది.

రాజమండ్రి డాక్టరుగారు స్కానింగు చూసి నరం నలుగుతోందన్నారు. "నొప్పి మొత్తం పోతుందని మాటివ్వలేనండి. కాలు దక్కాలంటే మాత్రం ఆపరేషన్ మంచిది. ఆలస్యమైతే స్పర్శ తిరిగి రాకపోవచ్చు." వెన్నులో కత్తి అంటే నాకు భయం. ఆలోచించుకుని చెబుతానన్నాను.

ఇంటికొచ్చాక కోడలు అంది, "ఊరందరికీ తొక్కారుగా అత్తయ్యగారూ, మీకూ ఎవరిచేతైనా తొక్కిద్దామా?"

"ఎదురుకాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారు? ముందే కోసి తీసేస్తున్నారుగా."

"మీ మనవరాలు లోపల అలా ఉందనే కదండీ నన్ను కోశారు."

కోసి తీస్తే లెక్కలోకి వస్తుందా అని కాసేపు వాదించుకున్నాం. చివరికి కాలేజీ నుంచి వచ్చిన మనవరాలిని పిలిచి, మంచం మీద బోర్లా పడుకున్నాను. అది మొహమాటపడుతూ పాదం ఆనించింది. చల్లగా, తేలిగ్గా ఉంది. షావుకారుగారు అన్నిసార్లు ఎందుకు వచ్చేవారో అప్పుడు తెలిసింది. నొప్పి మాత్రం ఉన్నచోటే ఉంది.

"పెద్దవాళ్లకి కాలు తగిలితే దణ్ణం పెట్టాలే," అన్నాను.

అది మంచం చివరికి వెళ్లి వంగింది. ఎడమపాదం మీద దాని వేళ్లు తెలిశాయి.

"రెండో కాలు కూడా ముట్టుకోవే. అంత బద్ధకమా?"

"రెండూ పట్టుకునే ఉన్నాను మామ్మా."

నేను వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్లమ్మని పిలవమన్నాను. కోడలు వచ్చాక, ఆపరేషన్‌కి సరేనని డాక్టరుగారికి ఫోన్ చెయ్యమన్నాను.