పడుగు నాది, పేక నీది

మా బాపు పోయి పన్నెండు రోజులైంది. ఆ పొద్దున మగ్గం మీద కూర్చునే వేళకు లేవలేదని అమ్మ ఫోన్ చేసింది. సిద్దిపేటలో నా టైలర్ షాపు షట్టరు సగం ఎత్తినదాన్ని అలాగే వదిలేసి పరుగెత్తాను.

ఆయన మెత్తని మనిషని చెప్పను. మొండివాడు. ఆ మొండితనమే ఇవాళ నాకు అన్నం పెడుతోంది.

ఆరేళ్ల కింద మా ఆయన కాలు విరిగి మంచాన పడ్డాడు. ఇద్దరు పిల్లలు. ఇల్లు గడవడానికి నెలనెలా కొంత ఇమ్మని బాపును అడిగాను.

"నెలనెలా ఇయ్య బిడ్డా. మిషన్ కొనిస్త, ఆర్నెల్లు షాపు కిరాయి కడ్త. కుట్టుడు నీది" అన్నాడు.

"తమ్మునికైతే అడిగినప్పుడల్ల పంపినవ్ గద?"

"గదే నేను చేసిన తప్పు. పడుగు నేనే పెట్టి, పేక గూడ నేనే నేస్తే ఆనికి చెయ్యెట్ల తిరుగుతది?"

భివండీ మరమగ్గాల్లో తమ్ముడు పని మానేసిన ప్రతిసారీ బాపు డబ్బు పంపాడు. వాడికి మానేయడమే అలవాటైంది. నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. ఏ సంగతైనా ఆయన ఆ రెండింటితోనే చెప్పేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండి నెల రోజులు మాట్లాడలేదు.

మిషన్ వచ్చి షాపు తెరిచిన రోజు ఆయనే వచ్చాడు, చంకలో గుడ్డ పెట్టుకుని. నా షాపుకు మొదటి గిరాకీ మా బాపే. చొక్కా కుట్టించుకుని, అందరిలాగే కుట్టుకూలి ఇచ్చి, వాకిట్లో వెలుతురుకు నిలబడి కాజాలు ఒక్కొక్కటే లాగి చూశాడు.

"గిది వదులైంది. మళ్ల కుట్టు."

పళ్లు కొరుక్కుంటూ కుట్టాను. ఆ తర్వాత ఏటా రెండు చొక్కాలు, ప్రతిసారీ ఏదో ఒక వంక. బయట మాత్రం "నా బిడ్డ కుట్టిన కాజా ఊడది" అని చెప్పుకునేవాడట. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు చెబితే తెలిసింది. నా గిరాకీల్లో సగం మందిని పంపింది ఆయనే.

ఏడో నెల కిరాయి నేనే కట్టాను. ఆ రోజు బాపు నా డబ్బుతో టీ తెప్పించమని రెండుసార్లు అడిగాడు.

అప్పుడు అడిగినంతా ఇచ్చి ఉంటే నేను ఇప్పటికీ అడుగుతూనే ఉండేదాన్ని. ఈ మాట ఆయన ఉండగా చెప్పలేకపోయాను.

నిన్న షాపు తెరిచాను. గోడకు ఆయన చివరి చొక్కా వేలాడుతోంది, కుట్టడం అయిపోయి. దాన్ని వాకిట్లోకి తెచ్చి, వెలుతురుకు పట్టి కాజాలు ఒక్కొక్కటే లాగి చూశాను. మూడోది వదులుగా ఉంది.

కూర్చుని, విప్పి, మళ్లీ కుట్టాను.