వేడి ఇంజన్ ఆపింది నేనే

మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనొచ్చింది, మా మిషన్ ఆసుపత్రి డ్రైవరు బాబాయి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడని. మధ్యాహ్నానికల్లా చేరాను. సమాధి దగ్గర సంఘపెద్ద ఒకాయన నాలుగు మంచి మాటలు చెప్పి, చివర్లో చిన్నగా నిట్టూర్చి, "మనిషి బంగారం. ఆ ఫారిన్ బండిని పాడుచేశాడన్న ఒక్క మాటే మిగిలిపోయింది, పాపం" అన్నాడు. చుట్టూ ఉన్న ముసలీ ముతకా అంతా తలలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద నాకే. ఆ మాట ఇన్నేళ్ళూ బాబాయి నెత్తిన పడి ఉంటే చూస్తూ ఊరుకున్నదాన్ని నేనే. పిడికెడు మట్టి వేసి వచ్చాను గానీ అక్కడ నోరు పెగల్లేదు. నోటితో కాని పని కనీసం చేత్తో అయినా చేద్దామని రాస్తున్నాను.

ఎనభైల్లో సంగతి. నేను ఆ ఆసుపత్రిలో నర్సుగా చేరి రెండో ఏడు. మార్టూరుకి దగ్గర్లో, హైవే పక్కన ఉండేది ఆసుపత్రి. విదేశాల్లో ఎవరో భక్తులు మాకొక డీజిల్ వ్యాను పంపించారు. దానికి టర్బో ఉంది. ఆ మాట మా జిల్లాలో అప్పటికి ఎవరూ విని ఉండరు. ఎక్కువ వేగంలో ఈల వేసినట్టు సన్నగా కూసేది కాబట్టి ఊళ్ళలో దాన్ని ఈల బండి అనేవాళ్ళు. చూడటానికి వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "గంటకి ఎన్ని మైళ్ళు పోద్దండీ?" అని. బాబాయి తువ్వాలు భుజాన వేసుకుంటూ, "ఎంత జోరుగా పోద్దని కాదయ్యా, రేప్పొద్దున కూడా పోద్దా అని అడుగు" అనేవాడు.

ఆ టర్బో ఏమిటో నాకు ఆయనే విప్పి చెప్పాడు. ఇంజన్ వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం మళ్ళీ ఇంజన్లోకి గాలిని దట్టిస్తుంది. అందుకే అంత బలం. చక్రం ఎర్రగా కాలిపోతూ తిరుగుతుంటే, దాని ఇరుసుని కాపాడేది సన్నటి గొట్టంలోంచి వచ్చే ఇంజన్ ఆయిల్ ఒక్కటే. "ఇంజన్ ఆపితే ఆయిలు కూడా ఆగిపోద్ది సిస్టరమ్మా. చక్రం మాత్రం ఇంకా సలసల కాగుతానే ఉంటది. లోపలున్న నూనె మాడి బొగ్గయిపోద్ది. అందుకని పరిగెత్తించాక రెండు నిమిషాలు ఉత్తినే ఆడనివ్వాలి. పరిగెత్తుకొచ్చిన మనిషి గొంతు నొక్కుతామా చెప్పు?"

ఆయన చెప్పినవాటిలో నేను పెడచెవిన పెట్టింది ఈ ఒక్కటే.

వారానికి రెండుసార్లు మెట్ట ఊళ్ళలో మా క్యాంపు ఉండేది. అద్దంకి దాటి కనిగిరి వైపు పోయేవాళ్ళం. మేం చేరేసరికే ఆ ఊరి పాస్టరుగారు, పదిమంది ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి ఉండేవాళ్ళు. బండి ఆగడం ఆలస్యం, ప్రార్థన మొదలు. బాబాయి మాత్రం ఇంజన్ ఆడుతూండగానే దిగి, టీకా మందుల ఐసు పెట్టె ఎండలో ఉండకూడదని భుజాన వేసుకుని లోపలికి పరిగెత్తేవాడు. ఇక్కడ పాస్టరుగారు కళ్ళు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ" అంటుంటే, వెనక గురగురమని మోత. నేను చర్చి ఉపదేశి కూతుర్ని. ప్రార్థనలో పిల్లాడు దగ్గినా మా నాన్న కళ్ళు తెరిచి చూసే ఇల్లు మాది. చెయ్యి చాచి తాళం తిప్పేసేదాన్ని. టక్కున నిశ్శబ్దం. పాస్టరుగారి మొహంలో ప్రసన్నత.

"ఎవరాపారు?" అని బాబాయి వచ్చి అడిగేవాడు.

"నేనే బాబాయ్. దేవుడి మాట కన్నా మీ ఇంజన్ మోత ఎక్కువా?"

"దేవుడు మోతలో కూడా వింటాడమ్మా. ఈ ఇరుసు వినదు."

అందరం నవ్వేవాళ్ళం. ఆయన కోప్పడి ఉంటే భయపడి మానేసేదాన్నేమో. ఎంతసేపూ బతిమాలేవాడే. ఒక వారం గుర్తుపెట్టుకునేదాన్ని, మళ్ళీ పాస్టరుగారు గొంతు సవరించుకోగానే నా చెయ్యి తాళం మీదికి పోయేది. అలా ఏడాది పైన.

మిరపకోతల కాలంలో ఒకరోజు. మేం క్యాంపు సర్దుకుంటుంటే కోతల్లోంచి ఒకామెని మంచం మీద మోసుకొచ్చారు. చేలోనే కాన్పయింది. బిడ్డ బాగానే ఉంది, ఆడపిల్ల. తల్లికి రక్తం ఆగట్లేదు. నేను పొట్ట మీద గర్భసంచిని గట్టిగా అదిమి పట్టుకున్నాను. అదిమినంతసేపూ కొంచెం తగ్గుతుంది, వదిలితే ధార. మా ఆసుపత్రిలో ఎక్కించడానికి రక్తం లేదు. గుంటూరు పోవాల్సిందే. బండి వెనక ఆమెని పడుకోబెట్టి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అదిమాను. ఆమె తల్లి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాబాయి ఒక్క మాటే అన్నాడు, "ఏం జరిగినా చెయ్యి తియ్యమాక."

ఆ బండి అంత వేగంగా పోగలదని నాకు అంతకుముందు తెలీదు. అద్దంకి వెనకబడింది. మార్టూరు వచ్చింది, రాళ్ళ లారీల్ని దాటుకుంటూ పోయింది. ఈల సన్నగా, ఆగకుండా మోగుతోంది. నా మోచేతులు లాగేస్తున్నాయి. పది నిమిషాలు గడిచాయో లేదో, ఈల గొంతు మారింది. చాకుని సానపెట్టినట్టు గీరుకుంది. తర్వాత అద్దాల నిండా నీలం పొగ. ఇంజన్ దానంతటదే గుండెలవిసేలా అరవడం మొదలెట్టింది. బాబాయి తాళం తీసేశాడు. ఆగలేదు! తాళం ఆయన చేతిలో ఉంది, ఇంజన్ మాత్రం ఇంకా ఇంకా వేగం పెంచుతోంది.

"టర్బో ఇరుసు పోయింది. డీజిల్ ఆపినా దాని నూనె అదే తాగేస్తంది. గట్టిగా పట్టుకోండి!" అని కేక పెట్టి, పెద్ద గేరులో వేసి బ్రేకు మీద నిలబడ్డాడు. బండి రెండుసార్లు ఎగిరిపడి చచ్చినట్టు ఆగింది. పిల్ల కేరుమంది. నా చేతులు జారి మళ్ళీ దొరకబుచ్చుకునేలోపు చీర తడిసిపోయింది. ఆమె పెదాలు తెల్లగా పాలిపోయాయి.

ఒక రాళ్ళ లారీ ఆగింది. "ఏమైంది పెద్దాయనా? మా బండిలో ఎక్కించనా?" అన్నాడు ఆ డ్రైవరు. క్యాబిన్లో పడుకోబెట్టే చోటు లేదు. కూర్చోబెడితే ప్రాణం నిలవదని నేను అరిచాను. "అయితే ఆయిలుంటే ఇయ్యి, సుత్తి ఇయ్యి" అన్నాడు బాబాయి.

ఇంజన్ ముందు సీట్ల మధ్యే. దాని మూత ఎత్తాడు, పక్క తలుపు తెరిచే ఉంది. నాకంతా కనపడుతోంది. ముట్టుకుంటే చర్మం ఊడొచ్చే వేడి. తువ్వాలు చుట్టుకుని చెయ్యి పెట్టాడు. తువ్వాల్లోంచి పొగలొచ్చాయి. టర్బోకి ఆయిల్ పోయే గొట్టాన్ని ఊడదీసి, మడిచి, రాయి మీద పెట్టి సుత్తితో చితక్కొట్టి నోరు మూసి మళ్ళీ బిగించాడు. గాలి గొట్టాన్ని టర్బో నుంచి విడిపించాడు. దుమ్ము పోకుండా దాని మూతికి నా సంచిలోని, కట్లు కట్టే గాజుగుడ్డ కట్టాడు. ఇక టర్బో లేదు, మామూలు ఇంజన్ లాగా నెమ్మదిగా అయినా పోతుంది. మధ్యలో ఒకసారి ఆ గొట్టం కొస లోపలికి వేలు పెట్టి తీశాడు. వేలి కొసన నల్లటి బొగ్గు. పూర్తిగా మాడిన నూనె. ఆ వేలు చూసుకున్నాడు, తలెత్తి నన్ను చూశాడు. నేనూ చూశాను. ఇద్దరికీ తెలుసు.

ఒక్క మాట అంటాడేమోనని చూశాను. "చెయ్యి తియ్యమాక" అన్నాడు, అంతే.

మిగతా దూరమంతా సైకిలు వాళ్ళు కూడా మమ్మల్ని వింతగా చూసేలా నడిచింది బండి. లారీ అతను ముందు హారన్ కొట్టుకుంటూ దారి చేశాడు. చిలకలూరిపేటలో బాబాయి ఒకసారి ఆపి ఆయిలు పోశాడు. నేను ఆమె పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాను. మొదట ఊ అనేది. తర్వాత కళ్ళు మాత్రం కదిపేది. నా తప్పు వల్ల ఈ పిల్లకి తల్లి లేకుండా పోతుందన్న మాట ఒక్కటే నా బుర్రలో తిరుగుతోంది. ప్రార్థన చేద్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని అడగను?

గుంటూరు ఆసుపత్రి గుమ్మంలో మా పెద్ద డాక్టరుగారు ఉన్నారు, ఏదో మీటింగుకి వచ్చి. బండి అవతారం చూడగానే కేకలేశారు. "విదేశీ బండిని ఇలా తగలేసిందెవరు?" స్ట్రెచర్ పక్కన ఆమె పొట్ట మీద రెండు చేతులతో నేను. నోరు తెరిచాను. నాకన్నా ముందే బాబాయి, "నేనేనండి. వేడి మీద ఇంజన్ ఆపేస్తా వచ్చాను. నాదే పొరపాటు" అన్నాడు. స్ట్రెచర్ కదిలింది. నేను దానితో పాటు లోపలికి పోయాను.

ఆ నెలలోనే మా ఆసుపత్రి కమిటీ ఆయన దగ్గర తాళం లాక్కుని జనరేటరు చూసే పనిలో వేసింది. రిటైరయ్యేదాకా మళ్ళీ స్టీరింగ్ పట్టలేదు. ఆదివారం గుడి ముందు ఎవరి బండి కనపడినా నిలబడి బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసేవాడు. నేను తల తిప్పుకుని లోపలికి పోయేదాన్ని.

గుంటూరులో ఆరోజు సాయంత్రం రెండు సీసాల రక్తం ఎక్కాక ఆమె కళ్ళు తెరిచి, "పిల్లేదీ?" అని అడిగింది. నేను బయటికొచ్చాను. బాబాయి వరండా మెట్ల మీద కూర్చున్నాడు. అరచేతులు రెండూ బొబ్బలెక్కి ఉబ్బిపోయాయి. ఎవరో ఇచ్చిన టీ గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని ఎత్తడానికి చూస్తున్నాడు.

"ఆగిందా?" అన్నాడు.

"ఆగింది బాబాయ్. బతికింది." ఏడుపు తన్నుకొచ్చింది. "అలా ఎందుకు చెప్పారు? ఆపింది నేను కదా!"

"అక్కడ మనిద్దరం వాదులాడుకుంటే నీ చెయ్యి జారేది."

"ఇప్పుడే వెళ్ళి డాక్టరుగారికి చెప్పేస్తాను."

"చెప్పు తల్లీ" అన్నాడు. వద్దనలేదు. ఉద్యోగం పోతుందని గానీ, నాకేం ఫరవాలేదని గానీ ఏమీ అనలేదు. నా మొహంలోకి చూస్తూ ఆగాడు.

డాక్టరుగారు కూర్చున్న గది తలుపు తెరిచే ఉంది. పది అడుగులు. ఆయన మాట్లాడటం వినపడుతోంది. నేను మెట్టు మీద కూర్చుని, గ్లాసు తీసుకుని బాబాయి నోటికి అందించాను. ఆయన గుక్క గుక్కగా తాగాడు. టీ అయిపోయింది. ఖాళీ గ్లాసు పట్టుకుని నేను అక్కడే కూర్చున్నాను.