మందలో కలిపే ముందు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఎండాకాలం చివర్లో, నన్ను మార్కాపురానికి టీబీ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. మందులు మొదలుపెట్టిన రోగులు మధ్యలో మానకుండా ఇళ్లకు వెళ్లి చూసుకోవడం ఆ పని. డాక్టరుకు కింద, ఆశా కార్యకర్తకు పైన. మోటార్ సైకిలే ఆఫీసు. అప్పటికి మా ఆవిడ పోయి ఏడాది. అద్దె గదిలో ఒక్కడినే వండుకుని ఒక్కడినే తినేవాణ్ని. ఊళ్లు తిరగమంటే విసుక్కోకపోవడానికి కారణం అదే, సేవాభావం కాదు.

పుల్లలచెరువు మండలంలో అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో అంకయ్య అనే గొర్రెలకాపరికి కఫంలో క్రిములు కనిపించాయి. మొదటి రోజే అతనికి అన్నీ చెప్పాను. ఆరు నెలలు మాత్రలు ఆపకూడదు, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కొన్నాళ్లు గాలాడే చోట వేరుగా పడుకోవాలి, మందు పనిచేసేకొద్దీ ఇతరులకు అంటడం తగ్గిపోతుంది. అర్థమైందా అంటే తలూపాడు.

ఆ తర్వాత వారం వారం అతన్ని చేలో గుడిసె దగ్గరే కలిసేవాణ్ని. కాపరి చేలో ఉండటం మామూలే కనుక నాకు వింతగా తోచలేదు. దూరంగా కూర్చోమనేవాడు. మర్యాదకు అంటున్నాడనుకుని, మంచం మీద అతని పక్కనే కూర్చునేవాణ్ని.

రెండు నెలల పరీక్షలో కఫం శుభ్రంగా వచ్చింది. ఆ మాట ముందు ఇంట్లో చెబుదామని వెళ్లాను. అతని భార్య నాగమ్మకు సంతోషం కలగలేదు. "నువ్వు చెప్పిన కాడి నుంచి చేలోనే ఉండాడన్నా. జీవాలను మా మరిది మేపుతాండాడు. సంగటి బండ మీద పెట్టి నేను ఎడంగా జరిగితే అప్పుడొచ్చి తీసుకుంటాడు. పిల్లల మొగం చూళ్లేదు," అంది.

చేలోకి వెళ్లి రిపోర్టు చూపించాను. అంకయ్య దాని వైపు చూడనే లేదు.

"ఒకసారి రోగమొచ్చిన గొర్రె తేరుకుందని తొందరపడి మందలో కలిపినాను సారూ. మంద మొత్తం పోయింది. ఇప్పుడు పిల్లల కాడికి ఎట్ల పోయేది?"

కొన్నాళ్లే అని నేనన్నది, అంటడం తగ్గిపోతుందన్నది అతనికి గుర్తే లేవు. వేరుగా అన్న ఒక్క మాటే మిగిలింది. నాకు కోపం రావలసింది గానీ రాలేదు. రెండు నెలలు అతని పక్కన కూర్చుని నేను గ్రహించింది మాత్రం ఏపాటి?

మరి తేరుకున్న గొర్రెను ఎప్పుడు కలుపుతారని అడిగాను.

"దాని పక్కన ఒక ముసలి గొర్రెను కట్టేస్తాం. దానికేం కాకపోతే కలుపుతాం."

ముసలిదే ఎందుకన్నాను.

"పోయినా మందకు లోటుండదు గదా."

మనసు చివుక్కుమంది. అయినా, ఇన్నాళ్లూ నీ పక్కన కూర్చున్నది ఎవరని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"దగ్గు గిగ్గు ఏమన్నా ఉండాదా సారూ? అన్నం తింటాండావా?"

ఏడాదికి పైగా ఆ మాట నన్నెవరూ అడగలేదు. దగ్గు లేదని, మొన్ననే ఎక్స్‌రే తీయించుకుంటే ఏమీ లేదన్నారని చెప్పాను. అన్నం సంగతి చెప్పలేదు.

అంకయ్య చాప చుట్టుకుని నాతోపాటే ఇంటికి నడిచాడు. మిగతా నాలుగు నెలలూ మాత్రలు ఆపలేదు. నేను మార్కాపురం గదికి తిరిగొచ్చి స్టవ్ వెలిగించుకున్నాను.

ఆ తర్వాత ఏ ఇంటికి వెళ్లినా, వాళ్లకు అప్పటికే ఏం తెలుసో అడిగి, పూర్తిగా విన్నాకే నా మాట మొదలుపెట్టాను. అర్థమైందా అని అడగడం మానేశాను.